ఉండేదా, అయ్యేదా, వేసుకునేదా?

విశ్వేశ్వర్ గారికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువు కనబడినా, ఏ మాట వినబడినా దాన్ని నడిదారిలో నిలబెట్టి "ఇది ఉండేదా, అయ్యేదా, వేసుకునేదా?" అని అడిగి, జవాబు రాబట్టిన తర్వాతే ముందుకు పోనిస్తారు.

ఆయన లెక్క ప్రకారం బకెట్ ఉండేది. భోజనం అయ్యేది; ఒక గంటకు మొదలై ఇంకో గంటకు అయిపోతుంది. స్టోర్స్ ఆఫీసరు వేసుకునేది. పొద్దున తొడుక్కుని సాయంత్రం విప్పేస్తారు. ఆ స్టోర్స్ ఆఫీసర్ని నేనే. పేరు శ్రీధర్. పటాన్‌చెరు దగ్గర నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా నట్లూ బోల్టులూ కాపలా కాస్తున్నాను. అంతకాలం చేసిన ఉద్యోగాన్ని చొక్కాతో పోల్చినందుకు ఆ పగలంతా ఆయన మీద మండిపడ్డాను. సాయంత్రం ఇంటికెళ్ళి చొక్కా విప్పుతుంటే మాత్రం ఎందుకో నవ్వొచ్చింది.

ఆయన రుద్రారంలోని ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. పరిశోధన ఫార్మల్ ఆంటాలజీలో. లోకంలో ఏమేమి ఉన్నాయి, ఏది ఏ రకానిది, దేనికి ఏది ఏమవుతుంది అన్నవన్నీ తర్కంతో తేల్చి, కంప్యూటరుకు అర్థమయ్యేలా రాసిపెట్టే శాస్త్రమట.

"దీనికి శాస్త్రం ఎందుకు సార్? బకెట్ అంటె బకెట్ అని అందరికి తెలుసు గద" అన్నాను మొదటిరోజు.

"అందరికి తెలుసు. కంప్యూటర్‌కు ఎవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. అదే మా ఫ్యాక్టరీ రోగం. పాత సాఫ్ట్‌వేర్‌లో ఒకే వాషరుకు పదకొండు పేర్లుండేవి. ఒకడు దాన్ని 'పన్నెండో నంబరు వాషర్' అని ఎక్కించాడు, ఒకడు 'గుండ్రం వాషర్' అని, ఇంకొకడు 'చిల్లు బిళ్ళ' అని. అందువల్ల ఒక అరలో వాషర్లు గుట్టలు పడి ఉండగా, వాషర్లు లేవని మళ్ళీ ఆర్డరు పెట్టేవాళ్ళం. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది కాబట్టి, అందులోకి పోయేముందు ఏది ఏమిటో తేల్చిపెట్టమని మా పెద్దలు ఆయన్ని మూడు నెలల సలహాదారుగా పిలిచారు. తేల్చడం అంటే ఆయనకు ప్రాణం. మాకు ప్రాణం మీదికొచ్చింది.

"చాయ్ తాగుతరా సార్?" అని అడిగాను, మర్యాదకు.

"చాయ్ అంటె ఏది శ్రీధర్ గారూ? ఉండేదా, అయ్యేదా?"

"ఏంది సార్?"

"మీ కంప్యూటర్ల చాయ్ రెండు తావుల ఉన్నది. ఒకటి క్యాంటీన్ సామాన్ల కింద. ఇంకొకటి మిషిన్లు ఆగిన కారణాల కింద. మీరు దేనికి పిలుస్తున్నరు?"

నిజమే. మిషన్ ఎందుకు ఆగిందో రాయవలసిన గడిలో మావాళ్ళు నిజాయితీగా 'చాయ్' అనే రాస్తారు.

"రెండిటికి సార్" అన్నాను, నీరసంగా.

"గట్లయితె రెండు కప్పులు చెప్పుండ్రి."

గేటు దగ్గర కాపలా ఉండే సంగయ్య, డాక్టర్ విశ్వేశ్వర్ అనే పేరు పలక చూసి ఆశపడ్డాడు. ప్యాంటు మోకాలి దాకా మడిచి ఎదురెళ్ళాడు.

"డాక్టర్ సాబ్, ఈ మోకాలు జెర సూడుండ్రి. నెల సంది మస్తు నొస్తుంది."

నేను ఆ డాక్టర్ని కాదని ఎవరైనా అంటారు. ఈయన అనలేదు. మోకాలి ముందు గొంతుక్కూర్చుని, అద్దాలు పైకి జరిపి చూశారు.

"సంగయ్యా, ఈ నొప్పి నీ మోకాల్ల భాగమా, లేకుంటె మోకాలికి అయితున్నదా?"

"భాగమైతె తీసి పారెయ్యొస్తదా సారూ?"

"భాగమైతె తియ్యొస్తది. అయ్యేదైతె మాత్రం ఎప్పుడైతున్నదో సూడాలె. ఎప్పుడైతది?"

"నిలవడ్డప్పుడు సారూ. పొద్దుగూకులు నిలవడుడే గద నా పని."

"ఊఁ, అయ్యేదే" అని నోటుబుక్కులో రాసుకుని వెళ్ళిపోయారు. సంగయ్య మాత్ర దొరకలేదని గొణుక్కున్నాడు. మర్నాడు గేటు దగ్గర ఒక ఎత్తు స్టూలు వెలిసింది. నా స్టోర్స్‌లోంచి నాకు తెలియకుండా స్టూలు ఎలా పోయిందా అని వెతికితే, చీటీ మీద ఆయన సంతకం, 'పరిశోధన పరికరం' అన్న మాటా ఉన్నాయి. నేను దాన్ని దొంగతనం కిందే లెక్కేశాను.

ఒక ఆదివారం సంగారెడ్డిలో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. గడపలోనే పరిచయం చేశారు.

"ఈమె సునంద. ప్రస్తుతం నా భార్య."

"ప్రస్తుతమా!" అన్నాను, చెప్పులు విప్పాలో వద్దో తెలియక.

"అంటె ఇరవై ఆరేండ్ల సంది. భార్య అన్నది వేసుకునేది శ్రీధర్ గారూ. సునంద అన్న మనిషి అంతకు ముందే ఉన్నది. రెండిటిని ఒకతాన కలిపితె మస్తు పరేషాన్ అయితది."

"వంటమనిషి అన్నది గూడ వేసుకునేదే" అన్నారు సునందగారు సోఫాలోంచి లేవకుండా. "ఇయ్యాల అది ఇప్పి దండెం మీద ఆరేసిన. మీ ఇద్దర్ల ఎవరికి సరిపోతె వాళ్ళు తొడుక్కోండ్రి."

ఇద్దరం కలిసి ఉప్మా చేశాం. ఉప్పు ఉప్మాలో భాగమా, గుణమా అని ఆలోచిస్తూ ఆయన రెండుసార్లు వేశారు. ఆ ఉప్మా తింటూ వాళ్ళమ్మ ప్రభావతమ్మగారు నీళ్ళచెంబు పక్కన పెట్టుకుని పాత కథ ఎత్తుకున్నారు.

"వీడు చిన్నప్పటి సంది గింతే బిడ్డా. జోగిపేటల మాకు కిరాణం దుకాణం ఉండె. వీనికి ఎనిమిదేండ్లప్పుడు వాళ్ళ నాయిన సరుకుకు పోతె, వచ్చెటాళ్ళకు దుకాణమంత సదిరి పెట్టిండు. నీళ్ళల్ల కరిగెటియన్ని ఒక అలమార్ల పెట్టిండు. ఉప్పు, చక్కెర, బెల్లం, బట్టల సబ్బు."

"అయ్యో. మరి?"

"మరేముంది, మూతలు గూడ లేకపాయె. ఆ బెల్లంతోని ఎవలింట్లనో పెండ్లికి బూరెలు జేసిండ్రు. బూరెలు మంచిగున్నయి గని నోట్ల నురుగొస్తుందని పెండ్లోళ్ళంత దుకాణం మీదికొచ్చిండ్రు."

"తర్కంల తప్పు లేదమ్మా" అన్నారు విశ్వేశ్వర్ గారు, యాభై మూడేళ్ళ వయసులో, గట్టిగా.

"తర్కం నీది. తన్నులు గూడ నీయే" అన్నారావిడ.

సామాన్ల సంగతి తేల్చుకుంటే చాలదా? ఆయన మనుషుల మీద కూడా పడ్డారు. భోజనాల వేళ పొడుగాటి నోటుబుక్కు చంకలో పెట్టుకుని, తోటలో నీళ్ళు పోసేవాళ్ళ దగ్గరికీ, లారీలు నింపేవాళ్ళ దగ్గరికీ, ఊడ్చేవాళ్ళ దగ్గరికీ పోయి పక్కన కూర్చునేవారు. ప్రశ్నలు మూడే. ఇప్పుడు ఏం వేసుకున్నవు? అంతకు ముందు ఏం వేసుకున్నవు? మొట్టమొదట ఈ గేటు లోపలికి ఎప్పుడొచ్చినవు?

మొదట్లో ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని దూరం జరిగారు. తర్వాత అలవాటైంది. క్యాంటీన్‌లో గారెలు వేసే కిష్టప్ప అయితే ఆయన్ని చూడగానే దూరం నుంచే అరిచేవాడు:

"మొదాల్ తోటపని వేసుకున్న సారూ! దాని మీద లారీ వేసుకున్న! ఇప్పుడు గారెలు వేసుకున్న! రేపేం వేసుకుంటనో ఆ కాంట్రాక్టర్‌నే అడుగుండ్రి!"

జనం నవ్వేవారు. ఆయన నవ్వకుండా రాసుకునేవారు. పిచ్చి ముదిరిందనుకున్నాను.

ఇక్కడ నా సిగ్గు సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని చూశాను కానీ కథ కదలడం లేదు.

పన్నెండేళ్ళ కింద మా గేటుకు కార్డు గీకితే తెరుచుకునే మిషన్ వచ్చింది. కంప్యూటర్లో ఎక్కినవాటికే కార్డు వస్తుంది. పర్మినెంటు ఉద్యోగులకు అందులో చోటుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకు లేదు. 'ఏదో ఒకటి చెయ్ శ్రీధర్, రేపు పొద్దున వాళ్ళు లోపలికి రావాలె' అన్నారు పైవాళ్ళు. నా చేతిలో ఉన్నది స్టోర్స్ జాబితా ఒక్కటే. అందులో ఎక్కించాను. కిష్టప్పను అప్పుడు చేస్తున్న పనిని బట్టి ఎత్తే పరికరాల కింద. ఊడ్చే రాజవ్వను శుభ్రత సామగ్రి కింద, బకెట్టుకూ రేకు డబ్బాకూ మధ్య. మర్నాడు కార్డులన్నీ పనిచేశాయి. నా తెలివికి అందరూ మెచ్చుకున్నారు. మిఠాయి కూడా పెట్టారు. తర్వాత ఆ సంగతి మరిచిపోయాను.

స్టోర్స్ జాబితాకు ఒక నియమం ఉంది. మూడేళ్ళపాటు అరలోంచి బయటికి పోని సరుకుకు 'కదలని సరుకు' అని ముద్ర పడుతుంది. అలాంటిది కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి పోదు. తుక్కు కింద తీసేస్తారు. మామూలుగా కాంట్రాక్టు కాగితం మారినప్పుడల్లా నేను ఆ పేర్లను ఒకసారి తీసి మళ్ళీ ఎక్కించేవాణ్ణి, కంప్యూటరు లెక్కలో అది కదలిక. గత మూడేళ్ళుగా పాత కాగితాన్నే పొడిగిస్తూ వచ్చారు. ఎవరి పేరూ కదల్లేదు.

ఆ శుక్రవారం విశ్వేశ్వర్ గారు జాబితా మీద వేలు పెట్టి నా బల్ల దగ్గరికొచ్చారు.

"శ్రీధర్ గారూ, ఈ రాజవ్వ ఏ సైజు?"

"జెర పొట్టిగుంటది సార్" అన్నాను, ఏమనాలో తోచక.

"మూడేండ్ల సంది కదలలేదంట."

సరిగ్గా అప్పుడే రాజవ్వ చీపురుతో లోపలికొచ్చింది. ఆ రోజు మా గదికి రావడం అది మూడోసారి.

"కాళ్ళు లేపుండ్రి స్టోరు సారూ. పొద్దుందాక ఉన్నకాడ్నే ఉంటరు, ఇసుమంత కదలరు."

కాళ్ళు లేపాను. తల లేపలేకపోయాను. ఆమె నా కుర్చీ కింద ఊడ్చి, ఇంకో కుర్చీ కింద ఊడ్చి, చీపురు నేలకు ఆనించి నిలబడింది.

"సారూ, ఒక మాట. సోమారం సంది నా కార్డు పని జెయ్యదంట. మా కాంట్రాక్టర్ చెప్పిండు. కంప్యూటర్ల నువ్వు లేవు, రాకు, అన్నడు. నేను చీపురు వట్టుకోని ఈడ నిలవడ్డ గద. మరి గీ నిలవడ్డది ఎవలు?"

అలాంటి ప్రశ్నలు వేసే హక్కు ఆ ఫ్యాక్టరీలో అప్పటిదాకా ఒక్కరికే ఉండేది. విశ్వేశ్వర్ గారు అద్దాలు తీసి తుడిచారు.

"ఎన్నేండ్లాయె రాజవ్వా, నువ్వు ఇక్కడికొచ్చి?"

"మీరు రాసుకోలే? పందొమ్మిది. మా అత్త సచ్చినప్పుడు మూడు దినాలు తప్ప నాగ వెట్టలే. ఈ కార్డు వోతె ఈ వయసుల నన్ను ఏ గేటు రానిస్తది సారూ?"

ఆమె వెళ్ళిపోయాక నోరు విప్పాను. "సార్, ఆమెను బకెట్ల పక్కన పెట్టింది నేనే."

"తెలుసు. అక్షరాల వరుస మంచిగ పాటించిండ్రు."

"నవ్వకుండ్రి సార్. నలభై ఒక్కమంది ఉన్నరు అట్ల. రేపు హెడ్డాఫీస్ సారు వచ్చినప్పుడు నిజం చెప్పేస్త. మెమో ఇస్తె ఇయ్యనియ్యి."

"చెప్తె ఏం చేస్తరు?"

"తుక్కు జాబితాల కెళ్ళి వాళ్ళ పేర్లు తీసేస్తరు."

"తీసి ఏడ పెడ్తరు?"

నేను ఆలోచించలేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మనుషుల విభాగం వేరే ఉంది. హెడ్డాఫీసు సంతకం పడేలోపు అందులో పేర్లు ఇక్కడే ఎక్కించుకోవచ్చు. సంతకం పడిందంటే తాళం పడ్డట్టే; ఆ తర్వాత ఇక్కడ పనిచేసేవాళ్ళ ఒక్కొక్క పేరుకూ పైనుంచి అనుమతి రావాలి. అంటే మూడు నాలుగు నెలలు. సోమవారం నుంచి గేటు కొత్తదాని మాటే వింటుంది. సరుకులోంచి తీసి మనుషుల్లో పెట్టకపోతే, వాళ్ళు సరుకు కూడా కాకుండా పోతారు.

"ముందుగాల మనిషి అని ఒక పేజీ తెరవాలె" అన్నారాయన. "ఏం వేసుకున్నరన్నది దాని కింద, ఎన్నిసార్లు మారితె అన్నిసార్లు రాసుకోవచ్చు. మీరు పరేషాన్ కాకుండ్రి." అని, సిబ్బంది విభాగంలో పనిచేసే దీప్తి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

శనివారం రెండింటికి మీటింగు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన విఘ్నేశ్వర్ గారు మంచివాడే, కానీ ఎప్పుడూ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఉన్నట్టుంటాడు. ఉండేది అమీన్‌పూర్‌లో.

"అరగంటల ముగిద్దాం. ఐదింటికి మా అపార్ట్‌మెంట్ల మీటింగ్ ఉంది, లిఫ్ట్ లొల్లి. నేను లేకుంటె మూడో అంతస్తోళ్ళే గెలుస్తరు. జాబితా ఏది? సంతకం పెడ్త."

"తప్పకుండ" అన్నారు విశ్వేశ్వర్ గారు. జేబులోంచి ఒక వాషరు తీసి బల్ల మీద పెట్టారు. "దానికి ముందు ఒక్క చిన్న సందేహం. దీని మీద మొత్తం వర్గీకరణ ఆధారపడి ఉన్నది. ఈ చిల్లు వాషర్ల భాగమా, కాదా?"

నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఈ రోజు కూడానా!

"భాగమే" అన్నాడు విఘ్నేశ్వర్, కలం మూత తీస్తూ. "చిల్లు లేకుంటె అది వాషర్ ఎట్లయితది?"

"మంచిది. భాగాలన్ని కలిస్తె మొత్తం బరువు రావాలె. చిల్లు బరువెంత?"

కలం ఆగింది. "చిల్లుకు బరువేంది సార్?"

"గట్లయితె భాగం కాదు."

"కాదు."

"భాగం కాకుంటె, ఈ వాషర్ల నుంచి చిల్లు తీసేస్తె వాషర్‌కు ఏం కావద్దు. తీసేద్దామా?"

"తీసేస్తె... అది బిళ్ళ అయితది గద!"

"మరి?"

విఘ్నేశ్వర్ కలం కింద పెట్టాడు. మూడుంపావుకల్లా లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. మూడున్నరకు చొక్కా చేతులు మడిచాడు. చిల్లు అంటే చుట్టూ ఉన్న ఇనుమేనన్నాడు. అయితే బోల్టు ఇనుములోంచి దూరాలి కదా అన్నారు ఈయన. చిల్లు అంటే ఏమీ లేకపోవడమన్నాడు. ఏమీ లేనిదానికి పన్నెండు మిల్లీమీటర్లని కొలత ఎట్ల రాసిండ్రన్నారు ఈయన. నాలుగు దాటింది. నాకు తల తిరిగి, నీళ్ళూ గారెలూ తెస్తానని బయటపడ్డాను.

బయట దీప్తి గది ముందు లైను. తోటవాళ్ళు, లారీవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, పిండి చేతులతో కిష్టప్ప. సంగయ్య గోనెసంచిలో పందొమ్మిది ఇరవై ఏళ్ళ గేటు పుస్తకాలు మోసుకొచ్చి స్టూలు మీద పరిచి, ఎవరు ఏ తేదీన మొదటిసారి లోపలికొచ్చారో వేలితో చూపిస్తున్నాడు. దీప్తి పక్కన విశ్వేశ్వర్ గారి పొడుగాటి నోటుబుక్కు తెరిచి ఉంది. నలభై ఒక్క పేర్లు, ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క పేజీ, తేదీలతో సహా. ఆయన వేసిన మూడు ప్రశ్నలకు జవాబులన్నీ అందులో ఉన్నాయి. దీప్తి గేటు పుస్తకంతో సరిచూసుకుంటూ ఎక్కిస్తోంది.

"బిడ్డా, ఫోటోల ముక్కు పెద్దగొచ్చింది, మల్ల తియ్యి" అంటోంది రాజవ్వ.

"ముక్కు నీదే అవ్వా. వేలు పెట్టు ఇక్కడ." దీప్తి తల తిప్పి నన్ను చూసింది. "సార్, ఇంక పద్నాలుగు మంది ఉన్నరు. విఘ్నేశ్వర్ సార్‌ని జెర చిల్లు మీదనే ఉంచుండ్రి."

అప్పుడు అర్థమైంది నాకు. బుర్ర నెమ్మది, కానీ ఒకసారి వెలిగితే ఆరదు. క్యాంటీన్‌కి పోయి పళ్ళెం నిండా గారెలు పట్టుకొచ్చి విఘ్నేశ్వర్ ముందు పెట్టాను.

ఆయన ఒకటి తుంచి నోట్లో వేసుకోబోతుండగా, ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఒక పనికిమాలిన ప్రశ్న నేనే వేశాను.

"సార్, మీరు గారె తింటె చిల్లు ఏమైతది?"

విశ్వేశ్వర్ గారు నా వైపు చూసిన చూపు, ఏ ప్రమోషన్ కాగితంలోనూ నేను చూడలేదు.

"చిల్లు... లోపటికి పోదు" అన్నాడు విఘ్నేశ్వర్, గారె గాల్లోనే ఆపి.

"లోపటికి పోకుంటె పళ్ళెంల ఉండాలె గద సార్?"

"ఆగుండ్రి, ఆగుండ్రి. ఒక దిక్కు కొరికితె ఇంక చిల్లు ఉన్నట్టా, పోయినట్టా? నువ్వు ఇంకొకటి తే శ్రీధర్, కొరకకుంట చూద్దాం."

ఐదు దాటింది. ఆయన ఫోను రెండుసార్లు మోగింది. "మూడో అంతస్తోళ్ళకే లిఫ్ట్ ఇచ్చెయ్యుండ్రి, నేను పనిల ఉన్న" అని కట్ చేశాడు. ఐదూ ఇరవైకి తలుపు సందులోంచి దీప్తి ముఖం కనబడింది.

"సార్, నలభై ఒకటి అయినయ్."

విశ్వేశ్వర్ గారు వాక్యం మధ్యలో ఉన్నారు. అక్కడే దింపేశారు. "సరే. మీరు చెప్పిందే ఖాయం చేద్దాం. చిల్లు భాగం కాదు" అని కూర్చున్నారు.

విఘ్నేశ్వర్ కుస్తీ గెలిచినవాడిలా ఊపిరి వదిలి, జాబితా దగ్గరికి లాక్కున్నాడు. లాక్కుని ఆగాడు.

"మొన్న పంపిన దానికన్నా నలభై ఒక్క లైన్లు తక్కువున్నయేంది?"

నేను లేవబోయాను. బల్ల కింద నా పాదం మీద ఒక బూటు బరువుగా పడింది.

"నా పొరపాటు" అన్నారు విశ్వేశ్వర్ గారు. "సరుకు కానియి సరుకులల్ల కలిపిన. తీసేసిన."

"మీరా! ముప్పై ఏండ్ల నుంచి ఇదే పని జేస్తున్నరు, గింత తప్పు ఎట్ల జేసిండ్రు సార్?" మీటింగు పుస్తకంలో 'వర్గీకరణలో సలహాదారు పొరపాటు' అని రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుని, తన సంతకం జాబితా మీద పెట్టేసి, విఘ్నేశ్వర్ లేచాడు. పళ్ళెంలో మిగిలిన గారెల వైపు ఒకసారి అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు.

ఒక చెంచాను గరిటెల్లో కలిపితే రాత్రి అన్నం తినని మనిషి ఆయన. బస్సు స్టాపు దాకా ఆయన వెంట నడిచాను. చివరికి "ఆ పొరపాటు నాది గద సార్" అన్నాను.

"పొరపాటు వేసుకునేది శ్రీధర్ గారూ" అన్నారాయన, సంగారెడ్డి బస్సు వస్తోందా అని చూస్తూ. "ఇయ్యాల నాకు సరిపోయింది."

సోమవారం పొద్దున ఆరున్నరకే గేటు దగ్గరికి పోయాను. నేను ఒక్కణ్ణే కాదు, దీప్తి కూడా వచ్చింది. కొత్త తెర వెలుగుతోంది. రాజవ్వ కార్డును ఒకసారి కొంగుకు తుడిచి, దేవుడి బొమ్మ మీద పెట్టినట్టు మిషన్ మీద పెట్టింది. అది ఒక క్షణం ఆలోచించింది.

పచ్చదీపం వెలిగింది. తెర మీద ఆమె ముఖం, కింద 'రాజవ్వ, 19 సంవత్సరాలు' అని.

"ముక్కు గట్లనే ఉంచినవ్ బిడ్డా" అని దీప్తిని తిడుతూ లోపలికి నడిచింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు నలభైమంది. అన్నీ పచ్చదీపాలే.

వాళ్ళ వెనక విశ్వేశ్వర్ గారు. కార్డు పెట్టారు. ఎర్రదీపం. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఎరుపే. తెర మీద 'ఇలాంటి వ్యక్తి లేరు' అని వచ్చింది.

నేనూ దీప్తీ ముఖాలు చూసుకున్నాం. ఆయన్ని మూడు నెలల కింద కొన్నప్పుడు, అంటే సలహాదారుగా తెచ్చుకున్నప్పుడు, పాత అలవాటు కొద్దీ నేనే ఎక్కించాను, కొలిచే పరికరాల కింద. నలభై ఒక్కమందినీ మనుషుల్లోకి మార్చిన మనిషి తన పేజీ తెరవడం మరిచిపోయారు.

"సారూ, ఏమనుకోకుండ్రి" అన్నాడు సంగయ్య, స్టూలు మీంచి లేచి అడ్డంగా నిలబడి. "కంప్యూటర్ల లేనోళ్ళను ఇడువొద్దని కొత్త రూల్ మీరే పెట్టిండ్రు. లోపట ఉన్నోళ్ళు ఎవలన్న వచ్చి, ఈయన నాకెరుకేనని వేలు వెట్టాలె."

"రూల్ మంచిగనే ఉన్నది సంగయ్యా" అన్నారాయన, ఎండలో నిలబడి, సంతోషంగా.

లోపలికి పోయిన రాజవ్వ ఇది విని వెనక్కి తిరిగొచ్చింది. చీపురు చంకన పెట్టి, బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. బయటినుంచి వచ్చిపోయేవాళ్ళ పేజీలకు తాళం లేదు; దీప్తి చేతిలోని ట్యాబ్‌లో అలాంటి కొత్త పేజీ తెరిచింది.

"అవ్వా, ఈయన ఎవరో నీకు తెలుసా?"

"ఎందుకెరుకలే. మనిషి."

"ఏం పని చేస్తడు?"

రాజవ్వ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. నోటుబుక్కు చూసింది. అద్దాలు చూసింది.

"గదైతె నాకు తెల్వది బిడ్డా. ఈడ ఎవలకు తెల్వది. గని మనిషైతె మనిషే, రాస్కో" అని వేలు పెట్టింది.

దీపం పచ్చగా వెలిగింది. సంగయ్య పక్కకు జరిగాడు. ఆయన పేజీలో పని అన్న గడి ఈరోజుకీ ఖాళీగానే ఉంది. నింపమని హెడ్డాఫీసు నుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది. నేను ఆ ఉత్తరాలను కదలని సరుకులో పెట్టాను.